మట్టం తగ్గింది, పంపు నడిచింది

మా అక్క చేపల తొట్టి అద్దానికి రోజుకొక బొట్టుబిళ్ల అంటిస్తోందని నా భార్య చెప్పినప్పుడు నాకు ముందు కోపమే వచ్చింది. నాకు కోపం ముందు వస్తుంది, కారణం వెనక నుంచి నడిచి వస్తుంది. మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. బావ పోయి అప్పటికి నాలుగు నెలలు. ఆదివారం పొద్దున్నే భూపాలపల్లిలో బస్సెక్కి మహబూబాబాద్ వెళ్లాను.

తొట్టి వాళ్ల హాల్లో, కిటికీకి ఎదురుగోడ పక్కన ఉంటుంది. నాలుగడుగుల పొడవు. అందులో ఒకటే చేప, కొర్రమీను. బావది చెరువుల మట్టం చూసే కొలువు. వానాకాలం వచ్చిందంటే పొద్దున ఆరింటికల్లా తూము దగ్గరి గేజీ రాయి మీద అంకె చూసి, ఫోన్లో పై ఆఫీసుకు చెప్పాలి. ఒక ఏడు అలుగు కింద గుంటలో చిక్కుకున్న వేలెడంత కొర్రమీను పిల్లను టిఫిన్ డబ్బాలో వేసుకుని తెచ్చాడు. పులుసుకు సరిపోయేదాకా పెంచుదామన్నాడు. పెంచాక కోయడానికి చేతులు రాలేదు. పిల్లలు లేని ఆ ఇంట్లో అది మూరెడు పొడవు పెరిగింది.

కొర్రమీను గురించి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. నీళ్లలోనే బతికినా దానికి పైగాలి కావాలి. కాసేపటికొకసారి మెల్లగా పైకి తేలి, నోరు తెరిచి, ఒక గుటక వేసి మళ్లీ కిందికి పోతుంది. ఆ చప్పుడు అచ్చం మనిషి నీళ్లు తాగినట్టే ఉంటుంది. బావ ఉన్నప్పుడు అది మాకు నవ్వులాట. ఇంటికొచ్చిన చుట్టాలు ఉలిక్కిపడి వెనక్కి చూస్తే ఆయన కడుపు పట్టుకుని నవ్వేవాడు.

బొట్టుబిళ్లలు నిజంగానే ఉన్నాయి. ఎరుపువి, మెరూన్‌వి, మధ్యలో కొన్ని నల్లవి. అద్దం ఎడమ మూలన మొదలై కుడివైపుకు వరుసగా పోతున్నాయి. అక్క అలమారలో వాడని అట్టలు చాలా మిగిలిపోయాయి. దినాలు అయిన రోజు నుంచి ఆమెకు వాటితో పని లేదు. పొద్దున ఆరింటికి లేచి, నీళ్లు ఎక్కడిదాకా దిగాయో అక్కడొక బిళ్ల అంటిస్తుంది. తర్వాత బిందెతో నీళ్లు తెచ్చి బావ గీత దాకా నింపుతుంది. ఆ గీత బావ నల్ల మార్కరుతో గీసింది. పక్కన "ఇక్కడిదాక" అని రాసుకున్నాడు. చెరువు మనిషి కదా, ఇంట్లో తొట్టికి కూడా పూర్తి మట్టం పెట్టుకున్నాడు.

నేను చెల్పూర్ దగ్గర థర్మల్ ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్ని. ఒత్తిడి, వేడి, నీటి మట్టం కొలిచే పరికరాలు బాగుచేయడం నా పని. ఆ బిళ్లల వరుస చూడగానే నాకు ఏం కనబడిందంటే, చలికాలంలో బిళ్లలు గీతకు దగ్గరగా ఉన్నాయి, శివరాత్రి దాటాక మెల్లగా కిందికి జారాయి, ఈ వారం వేలి మందం దిగువకు వచ్చాయి. రోజుకు ఎన్ని నీళ్లు ఆవిరవుతున్నాయో చెప్పే గ్రాఫు అది. అంత శుభ్రమైన గ్రాఫు మా కంట్రోల్ రూములో కూడా రోజూ దొరకదు. నా కోపం కాస్త తడబడింది.

"గిదేందక్కా?" అన్నాను.

"మీ బావ తాగుతుండు," అంది అక్క. "చెంబు తీసేసినంక గీడికి మళ్లిండు."

మా దిక్కు మనిషి పోతే, పడుకోబెట్టిన చోట దీపం పెట్టి పక్కన చెంబుతో నీళ్లు పెడతారు. దినాలు అయ్యేదాకా దీపం ఆరకూడదు, చెంబు ఎండకూడదు. పొద్దున లేవగానే ఇంటి ఆడవాళ్లు చెంబులోకి తొంగిచూస్తారు. నీళ్లు తగ్గితే వచ్చి తాగిపోయాడని అంటారు. బావను పడుకోబెట్టింది ఈ తొట్టి ముందే. పదకొండో రోజు చెంబు తీసేశారు, దీపం తీసేశారు. తొట్టిని మాత్రం ఎవరూ తీయలేదు.

నేను ఊరుకునే రకం కాదు. రెండు బకెట్లలో సమానంగా నీళ్లు పోసి, ఒకదానికి పళ్లెం మూతపెట్టి, రెండోది తెరిచి ఉంచాను. ఆ పూట అక్కడే ఉండిపోయి మర్నాడు పొద్దున అక్కను పిలిచి చూపించాను. తెరిచిన బకెట్లో తగ్గాయి, మూసినదాంట్లో తగ్గలేదు. చూసినవా, ఆవిరి తప్ప మరేమీ కాదు అన్నాను. అక్క రెండింటినీ శ్రద్ధగా చూసింది.

"మూత పెట్టినవ్ గదరా," అంది. "మూత పెడితె ఎట్ల తాగుతడు?"

వెనక తొట్టిలో కొర్రమీను గుటక వేసింది. ఇద్దరం అటు చూశాం. నవ్వొచ్చి ఉండాల్సింది, రాలేదు.

నేను అంతకంటే గట్టిగా వాదించలేకపోవడానికి వేరే కారణం ఉంది. అది అప్పటికి ఎవరికీ చెప్పలేదు. బావకు పేగు మెలిక పడితే పెద్ద దవాఖానాలో చేర్చాం. పొద్దున తొమ్మిదింటికి ఆపరేషన్ అన్నారు. అక్క కాగితాలు, బట్టలు తేవడానికి ఇంటికి పోయింది, నేను మంచం పక్కన ఉన్నాను. గొంతులోకి చుక్క నీళ్లు కూడా పోవద్దని నర్సు చెప్పి వెళ్లింది. ఆమె చెప్పింది సరైన మాటే. ఆరింటికి బావ కళ్లు తెరిచి, "బామ్మర్దీ, జర గొంతు తడుపు," అన్నాడు. వద్దన్నారు బావా అన్నాను. కాసేపాగి మళ్లీ అడిగాడు. మళ్లీ వద్దన్నాను. మూడోసారి అడగలేదు, నా చేతిలోని నీళ్ల సీసా వైపు చూశాడంతే. నేను సీసాను మంచం కింద పెట్టాను. ఎనిమిదిన్నరకు లోపలికి తీసుకుపోయారు. బయటికి బావ తిరిగి రాలేదు.

ప్లాంటులో ఇన్నేళ్లుగా నాకు నేర్పింది ఒకటే, రాసి ఉన్న గీత దాటొద్దని. తడి దూదితో పెదవులైనా తడపొచ్చా అని అడిగి ఉండొచ్చు. అడగాలని తోచలేదు. మా దిక్కు ఒక మనిషి గురించి చెప్పగలిగిన పాపపు మాటల్లో "గొంతు తడవకుండ పోయిండు" అన్నది ముందుంటుంది. బావ అట్లా పోయాడు. అట్లా పంపింది నేను.

అందుకే అక్క తాగుతుండు అన్నప్పుడు, ఆమెకు తెలియకుండా ఆమె నా నేరమే చెబుతున్నట్టు అనిపించింది.

ఎండలు ముదిరాక బావకు బదులు అక్కకు కొలువు ఇస్తూ ఉత్తర్వు వచ్చింది. భూపాలపల్లి ఆఫీసులో చేరాలి, నెలాఖరు దాకా గడువు. చేరకపోతే అది మళ్లీ రాదు. ఆమెకు వేరే ఆధారం లేదు. మా క్వార్టర్‌లో ఒక గది ఖాళీ చేసి పెట్టాం. అక్క కదలనంది.

"నేనస్తె ఆయనకు నీళ్లెవలు పోస్తరు?"

తొట్టిని భూపాలపల్లి తెచ్చేద్దామన్నాను. "ఆయనకు గీ ఇల్లే ఎర్క," అంది. పక్కింటివాళ్లకు తాళం ఇద్దామన్నాను. రెండు రోజులు పోసి మూడో రోజు మరుస్తారంది. అది నిజమే. నెలాఖరుకు పద్దెనిమిది రోజులున్నాయి. అక్క తొట్టి ముందు కుర్చీలో కూర్చుని, కూర్చునే చిక్కిపోతోంది. ఆమెతో వాదన గెలవలేనని అర్థమయ్యాక నాకు తెలిసిన పని మొదలుపెట్టాను. నీళ్లు తగ్గగానే తనంతట తాను నింపే ఏర్పాటు చేస్తానన్నాను. ఒక డ్రమ్ము, ఒక చిన్న పంపు, మట్టం చూసే సెన్సర్లు.

పంపు, డ్రమ్ము కొనడం ఎంతసేపు. సెన్సర్ల దగ్గరే తల తిరిగింది. నీళ్లున్నాయా లేవా అని చెప్పడం చిన్నపిల్ల పని అనుకుంటాం. ఆ ఒక్క మాట నిజంగా చెప్పే వస్తువు మాత్రం దొరకడం కష్టం. నాలుగు రకాలు తెప్పించి మా వంటింటి గట్టు మీద బకెట్లలో వేలాడదీశాను.

"గీ బకీట్ల నడుమ అన్నం యాడ వండాలె?" అంది నా భార్య.

"నాలుగు రోజులోర్చుకో."

"వదినె కోసమని ఓర్సుకుంటున్న, నీ కోసం గాదు."

మొదటిది ఫ్లోటు. నీళ్లతో పాటు లేచి, నీళ్లతో పాటు దిగే చిన్న బెండు. అన్నిటికంటే అమాయకమైనది, చూస్తే కూడా అర్థమవుతుంది. దానికి నత్త పడదు. ఒక చిన్న నత్త కింద దూరిందంటే బెండు లేచినచోటే ఉండిపోతుంది, తొట్టి ఎండిపోతున్నా నిండుగా ఉందంటుంది. పైగా కొర్రమీను తోక కొట్టినప్పుడల్లా అలకు ఊగి, ఉన్నాయి లేవు ఉన్నాయి లేవు అని గొణుగుతుంది. ఆ గొణుగుడు పంపుకు పోకుండా అర నిమిషం ఆగి చూసే ఏర్పాటు చేయాలి.

రెండోది కాంతితో చూసేది. మొనలో చిన్న గాజు ముక్క ఉంటుంది. లోపలి వెలుతురు గాజులోనే వెనక్కి తిరిగివస్తే నీళ్లు లేవని, నీళ్లలోకి జారిపోతే ఉన్నాయని లెక్క. కదిలే ముక్క లేదు, నత్త బెడద లేదు. అయితే మా వంటింటి కిటికీలోంచి పొద్దుటి ఎండ నేరుగా దాని మీద పడగానే, నిండు బకెట్లో మునిగి ఉండి కూడా నీళ్లు లేవని చెప్పింది. మూడు రోజులూ పొద్దుపొడుపు వేళే చెప్పింది. మొదటి రోజు నేను పరేషానయ్యాను. కారణం తెలిశాక నల్ల గొట్టం తొడిగాను, ఆగిపోయింది. అక్క హాల్లో కిటికీ కూడా తూర్పుదే కాబట్టి అదే తొడుగుతో బిగించాలని రాసుకున్నాను.

మూడోది నీళ్లను తాకనే తాకదు. అద్దం బయట అంటిస్తే లోపల నీళ్లున్నదీ లేనిదీ పసిగడుతుంది. నాకు అన్నిటికంటే అది నచ్చింది. చేపతో గొడవ లేదు, నాచుతో గొడవ లేదు. ఖాళీ గాజు సీసాకు అంటించి చూస్తున్నాను. నీళ్లు లేవు, దీపం వెలగలేదు, సరిగానే ఉంది. సీసా జారబోతే పట్టుకున్నాను. దీపం వెలిగింది. చెయ్యి తీస్తే ఆరింది. మళ్లీ పెడితే వెలిగింది. మనిషి ఒంట్లో ఉన్నదంతా నీళ్లే కదా, అద్దం మీద అరచెయ్యి ఆనినా దానికి నీళ్లు వచ్చినట్టే. ఈ సంగతి తెలిసినదే, పుస్తకంలో ఉన్నదే. అయినా ఖాళీ సీసా మీద చెయ్యి పెట్టి, తీసి, పెట్టి, ఎందుకో చాలాసేపు అట్లాగే నిలబడ్డాను.

నాలుగోది నీటి బరువును బట్టి చెప్పేది. వేడికి దాని లెక్క మారిపోతుంది. దాన్ని పక్కన పెట్టాను.

ఏది ఎంచుకోవాలి అంటే నా దగ్గర ఉన్న జవాబు ప్లాంటు నేర్పిన జవాబే. బాయిలర్ డ్రమ్ములో మట్టానికి ఏ ఒక్క సెన్సర్‌ను నమ్మరు. మూడు పెడతారు. రెండు ఏ మాట అంటే అదే నిజం, మూడోది అబద్ధం. ముగ్గురు సాక్షుల్లో ఇద్దరి మాట చెల్లుతుంది. మూడు రకాలూ ఒక్కొక్కటి తీసుకున్నాను. ఒక్కోదాని జబ్బు ఒక్కో రకం కాబట్టి, ఏవైనా రెండు కలిసి ఒకే అబద్ధం ఆడే అవకాశం తక్కువ.

గడువుకు వారం ముందు బిగించడానికి పోయాను. బావ గీతకు సమానంగా మూడింటినీ పెట్టాను. అద్దం బయట అంటించేదాని కోసం రెండు బొట్టుబిళ్లలు తీయాల్సి వచ్చింది. అక్క వాటిని గోటితో జాగ్రత్తగా లేపి, గోడకున్న బావ ఫోటో ఫ్రేముకు అంటించింది. పని అంతా చూసి, చివరికి ఒక ప్రశ్న వేసింది. అన్ని రోజుల్లో నేను వేసుకోని ప్రశ్న అది.

"నీ మిషిన్ నీళ్లు పోస్తది, మంచిదే. తగ్గంగనె నింపుతదాయె. ఇగ ఆయన తాగినట్టు నాకెట్ల తెలుస్తది?"

కోపం రాలేదు. పోసినప్పుడల్లా ఫోనుకు మెసేజ్ వచ్చేట్టు పెడతానన్నాను. నీకూ నాకూ ఇద్దరికీ వస్తుంది. పంపు ఎప్పుడంటే అప్పుడు నడవకుండా రోజుకొక్కసారి, పొద్దున ఆరింటికే మట్టం చూసి నింపేట్టు పెట్టమంది. ఆయన మట్టం చూసే వేళ అది. సరేనన్నాను. కరెంటు పోయి వస్తే మాత్రం యంత్రం మళ్లీ మొదలై ఒకసారి చూసుకుంటుందని చెప్పాను. మెసేజ్‌లో ఏం రాయమంటావంటే ఆలోచించకుండా చెప్పింది.

"తాగిండు అని రాయి."

అది నా వల్ల కాలేదు. "మట్టం తగ్గింది, పంపు నడిచింది" అని పెట్టాను. పొరపాటున పంపు ఆగకపోతే ఇల్లు మునుగుతుంది కాబట్టి, పది సెకన్ల చొప్పున మూడు దఫాలు మించి నడవకుండా కూడా కట్టడి చేశాను. చేప మేత కోసం రోజుకోసారి తిరిగి గుళికలు రాల్చే డబ్బా తగిలించాను. అక్క నెలాఖరుకు రెండు రోజుల ముందు మా ఇంటికి వచ్చి కొలువులో చేరింది.

మొదటి మెసేజ్ వచ్చిన పొద్దున మేమిద్దరం చాయ్ తాగుతున్నాం. ఆరు. రెండు ఫోన్లూ ఒకేసారి మోగాయి. మట్టం తగ్గింది, పంపు నడిచింది. మళ్లీ మోగాయి. మళ్లీ. మూడుసార్లు మోగి ఊరుకున్నాయి. అక్క ఫోను కళ్లకద్దుకుని గిన్నెలు తోముకోను పోయింది. నా చేతిలో గ్లాసు అట్లాగే ఉండిపోయింది. పది సెకన్లకొక దఫా, దఫాకొక మెసేజ్, ఎండాకాలం ఆవిరికి మూడు దఫాలు పడతాయి. నేను పెట్టిన లెక్కే. పెట్టేటప్పుడు దవాఖాన గుర్తులేదు. ఆరింటికి బావ అడిగింది, రెండుసార్లు నోటితో, ఒకసారి కళ్లతో.

ఆ తర్వాత రోజూ అంతే. మూడుసార్లు. నేను ఐదున్నరకే లేచి ఫోను ముందు పెట్టుకుని కూర్చునేవాణ్ని. పంపు నడవడం రోజుకొకసారే అయినా, సెన్సర్లు చెప్పేది యంత్రం అన్ని వేళలా రాసుకుంటుంది. ఒకరోజు ఆ రాత తెరిచి చూశాను. ఫ్లోటు, కాంతిది చెప్పింది ఒకేలా ఉంది. అద్దం బయటిది మాత్రం చాలా రోజులు ఆరింటికి కాస్త ముందు, గీత దాకా నీళ్లు లేనప్పుడు కూడా, కొన్ని క్షణాలు ఉన్నాయని చెప్పి మళ్లీ లేవంది. అంటే ఏదో అద్దాన్ని తాకుతోంది. తాళం వేసిన ఇల్లు. బల్లి అయ్యుంటుంది, ఆ ఇంట్లో బల్లులు చాలా ఉన్నాయి. రెండు సాక్ష్యాలు ఒకవైపు ఉన్నాయి కాబట్టి మూడోదాన్ని పట్టించుకోనక్కర్లేదు. నియమం నేను పెట్టిందే. అయినా చాలా రోజులు ఆ రాతను మళ్లీ తెరవలేదు.

ఇరవై రోజులకొకసారి ఇద్దరం పోయి డ్రమ్ము నింపి, మేత డబ్బా నింపి, తొట్టి అడుగు శుభ్రం చేసి వచ్చేవాళ్లం. అక్క కాస్త తేరుకుంది. ఆఫీసులో ఫైళ్ల పని నేర్చుకుంది, మొగుళ్లపల్లి నుంచి వచ్చే ఒకావిడతో స్నేహం కుదిరింది. నవ్వు కూడా అప్పుడప్పుడు వినబడేది. నేనే పాడయ్యాను. ఆదివారాలు కూడా ఆరింటికి ముందే మెలకువ వచ్చేది. మూడో మెసేజ్ వచ్చేదాకా నోట్లో తడి ఆరిపోయేది, నీళ్లు తాగబుద్ధయ్యేది కాదు.

మృగశిర కార్తె వచ్చిన నాలుగు రోజులకు ముసురు పట్టింది. ఆ పొద్దున ఆరయింది, ఫోన్లు మోగలేదు. ఆరుంపావు అయింది. అక్క తన గదిలోంచి ఫోను పట్టుకుని వచ్చి నా ముందు నిలబడింది.

"రాలే," అంది.

ముసురు కదా, గాలిలో తేమ ఉంటే నీళ్లు ఆవిరి కావు, తగ్గలేదు కాబట్టి పంపు నడవలేదు అన్నాను. నా మాట నాకే నమ్మకంగా వినబడింది. ఫ్లోటు కింద నత్త దూరి ఉండొచ్చు కూడా అన్నాను. ఫ్లోటు ఒక్కటే అబద్ధమాడితే ఏమీ కాదని నాకు తెలుసు. అక్క చెప్పులేసుకుంది. నేను డ్యూటీకి సెలవు చెప్పి వెనకే బయల్దేరాను.

రెండు బస్సులు మారి వెళ్లేసరికి పదయింది. తలుపు తెరవగానే మూసిన ఇంటి చల్లటి వాసన. తొట్టిలో నీళ్లు బావ గీతకు సరిగ్గా ఆనుకుని ఉన్నాయి. వెంట్రుకవాసి కూడా దిగలేదు. మూడు సెన్సర్లూ నిండుగా ఉన్నాయనే చెబుతున్నాయి. నత్త లేదు, నాచు లేదు. ముసురే. నేను చెప్పినదే నిజం. అక్కతో ఆ మాట అనాలని తిరిగి చూశాను. ఆమె కుర్చీలో కూర్చుని చేపను చూస్తోంది. కొర్రమీను అడుగున కదలకుండా ఉంది. మేము వచ్చినప్పటి నుంచి పైకి రాలేదు. ఇల్లంతా చప్పుడు లేదు. గుటక కోసం ఎదురుచూస్తూ నేను ఊపిరి బిగబట్టానని కాసేపటికి గాని తెలియలేదు.

"ఇయ్యాల తాగలే," అంది అక్క.

ఏడు నెలలుగా గొంతులో పెట్టుకున్నది ఆపుకోలేకపోయాను. "అక్కా, దవాఖాన్ల బావ నీళ్లడిగిండు. మూడుసార్లడిగిండు. నేనియ్యలే. సీసా మంచం కింద పెట్టిన," అన్నాను. చెబుతూ నేల మీద కూర్చుండిపోయాను.

అక్క నా వైపు తిరగలేదు.

"నాకెర్కే తమ్మీ," అంది. "తానం పోసెటప్పుడు చూసిన గద. పెదవులు పలిగి ఉన్నయి. నాలుక బెండోలె ఉండె. పక్కన ఉన్నది నువ్వు. నీ బుద్ధి నాకెర్క లేదా? వద్దన్నరంటె వద్దే అంటవ్ నువ్వు."

"మరి ఎన్నడు ఒక్క మాటనలే?"

"ఏమనాలె? ఆపరేషన్ అన్నరు, ఇయ్యలే. నేనున్నా ఇయ్యకపోదును." అద్దం మీది ఒక బిళ్లను వేలితో ఒత్తింది. "గని దాహంతోని పోయినోడు ఊకె ఉండడంటరు. నీళ్లియ్యనోని ఎంట పడ్తడంటరు. నీకు పిల్లలున్నరు. గందుకె రోజు పోసిన. బొట్టు పెట్టి లెక్క చూసుకున్న. కడుపు నిండ తాగితె నీ దిక్కు రాడు గద అని."

మా పుట్టిల్లు జనగామ దిక్కు. మా చిన్నప్పుడు ఎండాకాలం బోరు ఎండిపోతే అక్క వ్యవసాయ బావి దాకా పోయి బిందె మోసుకొచ్చేది. బిందె దింపగానే, తను తాగకుండా మొదటి చెంబు నాకు ఇచ్చేది. అప్పుడు ఆమెకు పన్నెండేళ్లు. ఇల్లు విడిచి రానని కూర్చున్నది మొగుడి కోసమనుకున్నాను. కొలువు పోయినా సరేనని కూర్చున్నది నా కోసం. నేనేమో ఆమె మూఢత్వానికి మందు కనిపెడుతున్నానని వంటింట్లో బకెట్లు వేలాడదీశాను.

అక్క వంటింట్లోకి పోయి గ్లాసు కడిగి, డ్రమ్ములోంచి నీళ్లు ముంచి తెచ్చింది. నా చేతికిచ్చింది.

"ఇప్పుడియ్యి," అంది.

నాలుగడుగుల తొట్టిలో ఒక గ్లాసు నీళ్లు పోస్తే మట్టం గోటి మందం కూడా లేవదు. అది ఏ సెన్సర్‌కూ తెలిసేది కాదు. రెండు చేతులతో పట్టుకుని, గీత దాటించి పోశాను. కొన్ని నీళ్లు అద్దం మీద కారి బొట్టుబిళ్లల మీదుగా దిగాయి. బావా తాగు అని మనసులో అనుకున్నానో పైకే అన్నానో గుర్తులేదు. అక్క కొంగుతో అద్దం తుడిచింది. ఇద్దరం తాళం వేసి బయటికి వచ్చాం.

నర్సంపేట దాటాక బస్సులో వాన చినుకులు కిటికీ అద్దం మీద పడుతున్నాయి. మధ్యాహ్నం ఒంటిగంట కావస్తోంది. అక్క నా భుజానికి ఆనుకుని కళ్లు మూసుకుంది. ఫోను మోగింది. ఆ మోత ఆరింటికి తప్ప వచ్చేది కాదు. తీసి చూశాను. మట్టం తగ్గింది, పంపు నడిచింది. చూస్తుండగానే రెండోది వచ్చింది. మూడోది వచ్చింది.

వానకు అక్కడ కరెంటు పోయి వచ్చి ఉండాలి, యంత్రం మళ్లీ మొదలై మట్టం చూసుకుని ఉండాలి. అంతవరకు నాకు అర్థమైంది. రాత తెరిచాను. గీత దాటి నింపి వచ్చిన తొట్టి. పోసేటప్పుడు నా చెయ్యి తగిలి ఒక వైరు కదిలి ఉండొచ్చు. ఒక వైరు కదిలితే ఒకటే అబద్ధమాడుతుంది. ఫ్లోటు లేవంది. కాంతిది లేవంది. అద్దం బయటిది కూడా లేవంది. మూడూ ఒకే మాట. మళ్లీ పోయినప్పుడు మూడింటినీ విప్పి చూశాను, దేనికీ ఏ లోపమూ కనబడలేదు.

అక్క ఫోను ఆమె సంచిలో మోగి మోగి ఊరుకుంది. ఆమె కళ్లు తెరవలేదు.

"ఏమచ్చింది తమ్మీ?"

ఫోను మీద ఉన్నది చదివి చెప్పొచ్చు. అది నేను రాసిందే. నా గొంతు ఏడు నెలల తర్వాత మొదటిసారి తడిగా ఉంది.

"తాగిండు అక్కా," అన్నాను.